సంక్రాంతి సెలవులకు అండమాన్ వెళ్లే బెజవాడ వాళ్లకు జాగ్రత్తలు

• బారటాంగ్ దీవికి వెళ్లే దారిలో ఫోన్, కెమెరా బయటికి తీయకండి. ఆ రోడ్డు జరావా అనే ఆదిమ తెగవాళ్ల రిజర్వు అడవిలోంచి వెళ్తుంది. వాళ్లను ఫొటో తీస్తే 1956 నాటి నిబంధనల కింద కేసు, జైలు. బిస్కెట్లు కూడా ఇవ్వకూడదు. పిల్లల చేతుల్లో ఫోన్లుంటే ముందే తీసేసుకోండి.

• అక్కడ వాహనాలను కాన్వాయ్‌గా, నిర్ణీత వేళల్లోనే వదులుతారు. చివరిది తప్పితే రాత్రికి అక్కడే. అందుకే బారటాంగ్‌లో ముందు సున్నపురాయి గుహలు చూడండి. బురద అగ్నిపర్వతమంటే బూడిదరంగు బురదలో లేచే బుడగలే, వదిలేసినా నష్టం లేదు.

• పగడపు ముక్కలు బ్యాగులో వద్దు, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో దొరికిపోతాయి.

• 1991లో మళ్లీ రాజుకున్న అగ్నిపర్వతం ఉన్న బారెన్ ద్వీపం మీద దిగనివ్వరు, పడవలోంచి చూడటమే.

• జనవరిలో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. పొద్దున్నే బయల్దేరండి.

• చెన్నైలో విమానం ఎక్కేవాళ్లు ముందురోజే చేరండి. పండగ రైళ్లను నమ్ముకుంటే టెన్షనే.