ఈ-రీడర్‌లో పేజీ నెమ్మదిగా తిరుగుతుంటే: ముందు కొలవండి, తర్వాత మార్చండి

ఈ-ఇంక్ రీడర్‌లో పేజీ తిరగడమంటే ఒకదాని వెనక ఒకటి జరిగే రెండు పనులు. మొదట ప్రాసెసర్ ఫైలు చదివి, అక్షరాలు పేర్చి, తర్వాతి పేజీని బొమ్మగా తయారుచేస్తుంది. ఆపైన ఆ బొమ్మ తెర మీదికి రావాలి. తెరలోని సన్నని గుళికల్లో తెల్ల, నల్ల రేణువులు ద్రవంలో తేలుతుంటాయి. కరెంటు ఎటు తోస్తే అటు కదులుతాయి, ఆ కదలికకు కొంత సమయం పడుతుంది. మొదటి ఆలస్యాన్ని ఫైలు మార్చి తగ్గించాలి, రెండోదాన్ని సెట్టింగులు మార్చి తగ్గించాలి. ఏది ఎక్కువుందో తెలుసుకోకుండా సెట్టింగులు తిప్పుతూ పోతే తెర మీద పాత పేజీ నీడలు పెరుగుతాయి కానీ వేగం పెరగదు.

కొలిచే పద్ధతి

ఫోన్లో స్లో మోషన్ వీడియో 240 ఫ్రేముల దగ్గర పెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. 120 ఫ్రేములే ఉంటే ఒక్కోటి 8 అనుకోండి. ఫోన్ని పుస్తకాల దొంతరకు ఆనించి, వేలూ తెరా రెండూ కనిపించేలా తీయండి. ఇంట్లో లైట్ల కింద తీస్తే వీడియో మినుకుమినుకుమంటుంది, లెక్క తప్పుతుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో తీస్తే బాగుంటుంది.

ఇప్పుడు వీడియోని ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ రెండు లెక్కలు రాసుకోండి. వేలు లేచినప్పటి నుంచి తెర మీద మొదటి కదలిక వరకు ఒకటి, ఆ కదలిక నుంచి అక్షరాలు నిలకడగా నల్లబడే వరకు ఇంకొకటి. ముందు బొమ్మలేవీ లేని మామూలు పుస్తకంలో వరసగా ఐదు పేజీలు తిప్పి కొలవండి, తర్వాత ఇబ్బంది పెడుతున్న పుస్తకంలో. ఒక్క పుస్తకంలోనే మొదటి లెక్క పెరిగితే తప్పు ఆ ఫైలుది. అన్ని పుస్తకాల్లోనూ పెరిగితే రీడర్‌దే. రెండో లెక్క పుస్తకం మారినా పెద్దగా మారదు, ఎందుకంటే అది తెర స్వభావం.

వరసగా తిప్పేటప్పుడు బాగానే ఉండి, విషయసూచిక నుంచి దూకినప్పుడు మాత్రం ఆలస్యమైతే కంగారు పడొద్దు. చాలా రీడర్లు పక్క పేజీని ముందే తయారుచేసి ఉంచుకుంటాయి, దూరపు పేజీని అప్పటికప్పుడు తయారుచేయాలి.

తెర దగ్గరి ఆలస్యం

రేణువుల్ని ఎంతసేపు, ఎటు తోయాలో చెప్పే పట్టికను వేవ్‌ఫారం అంటారు. 16 బూడిద ఛాయలూ సరిగ్గా చూపే జీసీ16 పద్ధతికి మామూలు గది వేడిలో సుమారు 450 మిల్లీసెకన్లు పడుతుంది. నలుపు తెలుపులు మాత్రమే చూపే డీయూకి 260, అన్నిటికంటే వేగమైన ఏ2కి 120 దాకా. వేగం పెరిగే కొద్దీ ఛాయలు పోతాయి, పాత పేజీ నీడ మిగులుతుంది.

తెలుగు చదివేవాళ్లు ఇక్కడ ఒక మెట్టు వెనకే ఉండటం మంచిది. ఇంగ్లీషు అక్షరాల కంటే మన అక్షరాల్లో గుండ్రటి వంపులెక్కువ. వాటి అంచులు నున్నగా కనిపించేది ఆ బూడిద ఛాయల వల్లే. ఏ2లో పెడితే వంపులు గరుకు దేరతాయి. చిన్న సైజులో ప, వ తేడా పోల్చుకోవడం కష్టమవుతుంది. పాత పేజీ నీడ కొత్త పేజీలోని ఒత్తుల మీద పడితే కళ్లు త్వరగా అలిసిపోతాయి. చదవడానికి ఏ2 వాడొద్దు. వెబ్ పేజీలు జరపడానికి ఉంచుకోండి.

కిండిల్‌లో సెట్టింగుల్లోని రీడింగ్ ఆప్షన్స్‌లో ‘పేజ్ రిఫ్రెష్’ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ప్రతి పేజీకీ తెర నల్లగా మెరుస్తుంది. ఆపేస్తే నవలకి హాయిగా ఉంటుంది, స్కాన్ చేసిన పుస్తకానికి మాత్రం ఆన్ చేయండి. పేజీ జారినట్టు చూపించే యానిమేషన్ ఉంటే ఆపేయండి. అది చూడ్డానికి వేగంగా అనిపిస్తుంది కానీ నీడలు వదులుతుంది. కోబోలో ఎన్ని పేజీలకొకసారి పూర్తి రిఫ్రెష్ కావాలో రీడింగ్ సెట్టింగ్స్‌లో ఎంచుకోవచ్చు. తెలుగుకి 4 నుంచి 6 పేజీలకొకసారి సరిపోతుంది. ఓనిక్స్ బూక్స్‌లో రిఫ్రెష్ మోడ్‌ని ఒక్కో యాప్‌కీ విడిగా పెట్టుకోవచ్చు. పుస్తకాల యాప్‌కి నార్మల్ లేదా రీగల్, బ్రౌజర్‌కి వేగమైనది ఇవ్వండి.

ఫైలు దగ్గరి ఆలస్యం

తెలుగు పాఠకులకు అసలు తలనొప్పి ఇక్కడే. మన పాత పుస్తకాల్లో ఎక్కువ భాగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానే దొరుకుతాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకాన్ని ఇంట్లో స్కాన్ చేసుకున్నా తేలేది పీడీఎఫే. లెక్క చూడండి: 5.5 × 8.5 అంగుళాల డెమ్మీ సైజు పేజీని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 3300 × 5100, అంటే కోటీ 68 లక్షల పిక్సెళ్లు. 6.8 అంగుళాల కిండిల్ పేపర్‌వైట్ తెరలో ఉండేవి 1236 × 1648, ఇరవై లక్షల పైచిలుకు. తెర పట్టగలిగిన దానికి ఎనిమిది రెట్లు విప్పి, కుదించి, మిగతాది పారేయడం ప్రతి పేజీకీ జరుగుతోంది. ఆ పని కంప్యూటర్లో ఒక్కసారి చేసేస్తే సరి.

ముందు స్కాన్‌టైలర్ అనే ప్రోగ్రాంలో పేజీలు వంకర తీసి, జంట పేజీలు విడగొట్టి, అంచులు కత్తిరించండి. తర్వాత ఆ బొమ్మల ఫోల్డర్‌ని కిండిల్ కామిక్ కన్వర్టర్ అనే ప్రోగ్రాంలో వేసి మీ రీడర్ మోడల్‌ని ఎంచుకోండి. అది కామిక్స్ కోసం చేసిందే అయినా స్కాన్ పుస్తకాలకీ చక్కగా పనికొస్తుంది: సరిగ్గా తెర కొలతకి కుదించి, 16 ఛాయలకి దించుతుంది. ఫైలు చిన్నదవుతుందని పూర్తి నలుపు తెలుపుల్లోకి మాత్రం మార్చొద్దు. తెర కొలతకి కుదించాక బూడిద ఛాయల్లేని నలుపులో ఒత్తులు పై అక్షరానికి అతుక్కుపోతాయి.

కోరీడర్ అనే చదివే యాప్ వాడేవాళ్లు పీడీఎఫ్‌లో ఆటో క్రాప్ (అంచులు దానంతటదే కత్తిరించడం), రీఫ్లో (పంక్తుల్ని తెరకు తగ్గట్టు మళ్లీ పేర్చడం) ఆపేసి చూడాలి. రెండూ ప్రతి పేజీనీ మళ్లీ మళ్లీ పరిశీలిస్తాయి. రీఫ్లో ఒత్తుల్ని వేరే పంక్తిగా పొరబడే ప్రమాదం కూడా ఉంది.

డీటీపీలో అను ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్‌ని కాలిబర్ అనే ఈ-పుస్తకాల ప్రోగ్రాంలో ఈపబ్‌గా (తెర కొలతకి తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఫైలు) మార్చాలని చూడకండి. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని పరికరాలూ గుర్తుపట్టే అక్షర సంకేతాలు) కావు, అర్థంలేని ఇంగ్లీషు గుర్తులే బయటికొస్తాయి. వాటినీ బొమ్మలుగానే మార్చుకోండి, లేదా గూగుల్ డాక్స్‌తో ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు గుర్తించడం) చేసి తప్పులు దిద్దుకోండి.

యూనికోడ్ ఈపబ్ కూడా నెమ్మదిస్తే పుస్తకమంతా ఒకే పెద్ద భాగంగా ఉందేమో చూడండి. కాలిబర్‌లో ఈపబ్ నుంచి ఈపబ్‌కే మార్చితే 260 కేబీ దాటిన భాగాలను అదే ముక్కలు చేస్తుంది. లోపల నాలుగైదు తెలుగు ఫాంట్లు ఇమిడ్చి ఉంటే ఒక్కటే ఉంచండి. కోబోలో మామూలు ఈపబ్ కంటే కోబో సొంత రకమైన కెపబ్ త్వరగా తిరుగుతుంది. కెపబిఫై అనే చిన్న ప్రోగ్రాం ఆ మార్పు చేస్తుంది.

అన్ని పుస్తకాలూ మొరాయిస్తే

ఒకేసారి పదుల కొద్దీ పుస్తకాలు వేసినప్పుడు రీడర్ వాటిలోని మాటలన్నిటికీ సూచిక కడుతూ ఉంటుంది. చార్జింగ్‌కి పెట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడూ అలాగే ఉంటే ఏదో పాడైన ఫైలు దగ్గర ఆగిపోయిందన్నమాట. చివరగా వేసినవి తీసేసి, ఐదేసి చొప్పున మళ్లీ వేస్తే దొంగ దొరుకుతుంది. కిండిల్‌ని రీస్టార్ట్ చేయడానికి పవర్ బటన్ 40 సెకన్లు నొక్కిపట్టాలి. చదివేటప్పుడు వైఫై ఆపేసి ఉంచితే వెనక సింక్ పనులు అడ్డురావు.

హైదరాబాద్ ఎండల సంగతీ మరవొద్దు. కిండిల్ పనిచేయాల్సిన వేడి 0 నుంచి 35 డిగ్రీలు, ఆపి దాచిపెట్టడానికైనా 45 దాటకూడదు. మే నెల మధ్యాహ్నం స్కూటర్ డిక్కీలోనో, ఎండలో ఆపిన కారులోనో వదిలేస్తే ఆ హద్దు దాటుతుంది. వేడెక్కిన తెర మీద నలుపు పలచబడి నీడలు మిగులుతాయి. నేరుగా ఎండ పడుతుండగా పేజీ తిప్పినా కొన్ని తెరల్లో అక్షరాలు వెలిసినట్టు వస్తాయి. నీడలోకి వచ్చి మళ్లీ తిప్పితే సర్దుకుంటాయి.

ఇవన్నీ చేశాకే కొత్తది కొనే ఆలోచన చేయండి. 2024 పేపర్‌వైట్‌లో పేజీలు అంతకుముందు దానికంటే 25 శాతం వేగంగా తిరుగుతాయని అమెజాన్ చెప్పింది. అయినా 600 డీపీఐ పీడీఎఫ్ దానికీ బరువే. రంగుల తెర కోరుకునేవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి: గ్యాలరీ 3 తెరకి నలుపు తెలుపు పేజీకి 350 మిల్లీసెకన్లు, మేలైన రంగు పేజీకి 1500 అని ఈ-ఇంక్ సంస్థే ప్రకటించింది. షాపులో చూసేటప్పుడు వాళ్లు పెట్టిన నమూనా పుస్తకం కాకుండా, మీ దగ్గరున్న బరువైన తెలుగు స్కాన్ ఫైలు వేయించి తిప్పి చూడండి.