ఎక్కదు, ఎక్కితే దిగదు: ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్ తిప్పలకు మందు

డిస్క్‌లో డిలీట్ అయినవీ సాక్ష్యాలూ వెతికిపెట్టేవే ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్లు. గోదావరి జిల్లాల్లో వీటి గురించి అడిగేవాళ్ళు ఎక్కువగా రెండు రకాలు. ఒకరు కాకినాడ, రాజమండ్రి కాలేజీల్లో సైబర్ ఫోరెన్సిక్స్ చదివే పిల్లలు. రెండోవాళ్ళు రొయ్యల చెరువుల లెక్కలన్నీ డిలీట్ అయిపోయాయని గాభరాగా ఫోన్ చేసే భీమవరం వైపు ఆఫీసులవాళ్ళు. ఈ రెండోవాళ్ళకి ఒక మాట ముందే చెప్పాలి. లెక్కలు పోయిన డిస్క్‌లో ఏ సాఫ్ట్‌వేరూ ఇన్‌స్టాల్ చేయకండి. డిలీట్ అయిన ఫైళ్ళు ఉన్న చోటే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చుంటే, దొరకాల్సినవి కూడా దొరకవు. ఆ కంప్యూటర్ ఆపేసి, డిస్క్ విప్పి వేరే మెషీన్‌కి పెట్టండి. అది ఎస్ఎస్‌డీ అయి, డిలీట్ అయినవాటిని తనే తుడిచేసే ట్రిమ్ ఆన్‌లో ఉంటే మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి.

సెటప్ సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తోంది

ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో ఒకటైన ఆటాప్సీ, విండోస్‌కి ఎంఎస్ఐ అనే ఇన్‌స్టాలర్ ఫైలుగా వస్తుంది. ఎక్కించేటప్పుడు 1618 అనే ఎర్రర్ వస్తే వెనకాల ఇంకో ఇన్‌స్టలేషన్ నడుస్తోందని అర్థం. విండోస్ అప్‌డేట్ కావచ్చు, అది పూర్తయ్యాక మళ్ళీ మొదలుపెట్టండి. 1603 వస్తే మాత్రం దాన్ని బట్టి ఏమీ తేల్చలేం, ఎక్కడో ఏదో కుదరలేదనే దాని భావం. అడ్మిన్ హక్కులు లేకపోవడం, డిస్క్‌లో చోటు చాలకపోవడం, యాంటీవైరస్ అడ్డుపడటం, వీటిలో ఏదైనా కావచ్చు.

ఎంఎస్ఐ ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' మామూలుగా కనిపించదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి, అందులోంచి ఆ ఫైలుని నడపండి. ఏం జరిగిందో వరసగా ఫైలులో నమోదుచేసే లాగ్ ఆప్షన్ కూడా జోడిస్తే ఇంకా మంచిది. లాగ్ చాంతాడంత ఉంటుంది, మొత్తం చదవక్కర్లేదు. 'రిటర్న్ వాల్యూ 3' అని వెతికి, దానికి పైనున్న నాలుగైదు లైన్లు చూడండి. అసలు సంగతి సాధారణంగా అక్కడే ఉంటుంది.

కరెంటు పోయి డౌన్‌లోడ్ మధ్యలో తెగి, మళ్ళీ అతుక్కున్న ఫైలైతే ముందు దాని హ్యాష్ చూడండి. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్. పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్ ఇస్తే షా256 పద్ధతిలో ఆ హ్యాష్ విలువ వస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన విలువతో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు పారేయండి.

ఎక్కింది, కానీ తెరుచుకోవట్లేదు

ముందు ర్యామ్ చూడండి. ఆటాప్సీకి కనీసం 8 జీబీ, కుదిరితే 16 జీబీ ఉండాలి. 4 జీబీ ల్యాప్‌టాప్‌లో అది తెరుచుకున్నా, పని మాత్రం చేయనివ్వదు. ర్యామ్ సరిపడా ఉన్నా తెరవగానే కనిపించే మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోతుంటే, పాత వెర్షన్ వదిలిన సెట్టింగుల మీద అనుమానపడండి. యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, అందులో రోమింగ్, దాని కింద ఆటాప్సీ ఫోల్డర్ ఉంటుంది. దాన్ని డిలీట్ చేయకండి, పేరు మార్చి మళ్ళీ తెరవండి. లైనక్స్‌లో అయితే గొడవ దాదాపు ఎప్పుడూ ఆటాప్సీ నడవడానికి కావాల్సిన జావాతోనే. విండోస్ ప్యాకేజీలో జావా కలిసే వస్తుంది, లైనక్స్‌లో సరైన వెర్షన్ మనమే పెట్టుకోవాలి.

కీవర్డ్ సెర్చ్ ఒక్కటే మొరాయిస్తుంటే, ఆటాప్సీ లోపల నడిచే సోలార్ అనే సర్వర్ లేవలేదన్నమాట. అది 23232 అనే నెట్‌వర్క్ పోర్టు వాడుతుంది. కిందటిసారి సరిగ్గా మూసుకోని జావా ప్రాసెస్ ఆ పోర్టుని పట్టుకుని ఉండవచ్చు. ఆటాప్సీ మూసేసి, టాస్క్ మేనేజర్‌లో దానికి సంబంధించి మిగిలిపోయిన జావాని ఆపి, మళ్ళీ తెరవండి.

డిస్క్‌కి నకలు తీసే ఎఫ్‌టీకే ఇమేజర్‌లో డిస్క్ కనిపించట్లేదా? అడ్మిన్‌గా తెరవండి, చాలాసార్లు అంతకుమించి ఏమీ ఉండదు.

కేసు ఫోల్డర్‌లో ఫైళ్ళు మాయమైపోతున్నాయి

దీనికి కంగారు పడేవాళ్ళు ఎక్కువ. సాక్ష్యంగా వచ్చిన డిస్క్‌లో వైరస్ ఉండటం వింతేమీ కాదు. మనం ఆ ఫైలుని బయటికి తీయగానే విండోస్ యాంటీవైరస్ అయిన డిఫెండర్ దాన్ని చటుక్కున క్వారంటైన్‌లో పడేస్తుంది. దాని పని అది చేసింది, మన పని చెడింది. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిస్తే అన్నీ వరసగా కనిపిస్తాయి. కేసు ఫోల్డర్ ఒక్కదాన్నే ఎక్స్‌క్లూజన్‌లో, అంటే డిఫెండర్ చూడకుండా వదిలేసే జాబితాలో పెట్టండి. యాంటీవైరస్ మొత్తం ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. ఈ పనికి నెట్ తీసేసిన వేరే మెషీన్ ఉంటే టెన్షన్ ఉండదు.

తీసేశాను, డిస్క్‌లో చోటు మాత్రం పెరగలేదు

ఇన్‌స్టాలర్ తను పెట్టినవి మాత్రమే తీస్తుంది. మీరు తయారుచేసిన కేసులు, ఇండెక్సులు, డిస్క్ ఇమేజ్‌లు (డిస్క్‌కి తీసిన పూర్తి నకళ్ళు) అలాగే ఉంటాయి. ఉండాలి కూడా. ఒక్క బటన్‌తో సాక్ష్యాలు కూడా పోతే ఎవరు జవాబుదారీ? అవి మీరే చూసుకుని, బ్యాకప్ తీశాక తొలగించండి.

కోర్టుకి వెళ్ళే కేసైతే, సాఫ్ట్‌వేర్ తీసేముందు దాని వెర్షన్ నంబరూ ఇమేజ్ హ్యాషూ కాగితం మీద రాసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారన్నదీ రాయాలి. అమలాపురంలో అయినా భీమవరంలో అయినా అవతలి వకీలు ముందు అడిగేది దాని గురించే.

తీయబోతే 1612 అనే ఎర్రర్ వచ్చిందంటే, విండోస్ పాత ఎంఎస్ఐ ఫైలు కోసం వెతుకుతోంది, అది దొరకట్లేదు. అదే వెర్షన్ ఇన్‌స్టాలర్ మళ్ళీ దింపి, దాన్ని నడిపి 'రిమూవ్' ఎంచుకోండి. అయినా లొంగకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ ఉంది. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో చేత్తో కెలకడం ఆఖరి దారి. డాంగిల్ అనే యూఎస్‌బీ తాళంచెవితో నడిచే సాఫ్ట్‌వేర్ అయితే దాని డ్రైవర్‌కి యాప్స్ లిస్టులో వేరే ఎంట్రీ ఉంటుంది. డాంగిల్ పీకి, దాన్నీ విడిగా తీయాలి. లైసెన్స్ డాంగిల్‌లోనే ఉంటుంది కాబట్టి దాన్ని పెన్‌డ్రైవ్ అనుకుని సొరుగులో పారేయకండి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి యూఎస్‌బీ మొనలు తుప్పు పడతాయి, మూతున్న డబ్బాలో పెట్టండి.

తీసేశాక ఏ పెన్‌డ్రైవ్‌లోకీ కాపీ అవట్లేదు

'డిస్క్ ఈజ్ రైట్ ప్రొటెక్టెడ్' అంటుంది. నాలుగు పెన్‌డ్రైవ్‌లు మార్చినా అదే మాట. పెన్‌డ్రైవ్‌ల తప్పేమీ లేదు. సాక్ష్యం మీద ఒక్క బైటు కూడా రాయకుండా ఉండాలని ఎవరో రిజిస్ట్రీలో అడ్డం పెట్టి, పని అయ్యాక తీయడం మరిచిపోయారు. హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, స్టోరేజ్ డివైస్ పాలసీస్ వరుసగా తెరవండి. అక్కడ రైట్ ప్రొటెక్ట్ విలువ 1 ఉంటే 0 చేసి, పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టండి, లేదా కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

పెన్‌డ్రైవ్ పెట్టినా డ్రైవ్ లెటర్ రాకపోతే, ఆ లెటర్ దానంతటదే ఇచ్చే ఆటోమౌంట్ ఆపేసి ఉంటారు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో మౌంట్‌వాల్ కమాండ్‌కి స్లాష్ ఈ జోడించి కొడితే తిరిగి వస్తుంది. అదే చేత్తో డిఫెండర్‌లో పెట్టిన ఎక్స్‌క్లూజన్ కూడా తీసేయండి. ఆ ఫోల్డర్ అలాగే వదిలేస్తే, రేపు దాంట్లోకి ఏ వైరస్ వచ్చినా డిఫెండర్ దాని జోలికి పోదు.