గడియ పని – 3వ పాఠం: టైమర్ తిప్పే ముందు

కంప్యూటర్ ముందు పని మీద మనసు నిలపడం గురించిన పాఠాలివి. పోయిన పాఠంలో ఒక్క పనే చెప్పాను. మూడు రోజుల పాటు కంప్యూటర్ పక్కన ఒక కాగితం పెట్టుకుని, చేస్తున్న పని వదిలి వేరే చోటికి వెళ్ళిన ప్రతిసారీ ఒక గీత గీయమన్నాను. ఆపుకోమనలేదు, గీత గీస్తే చాలన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. గీతలు ఎక్కువ ఉన్నాయని బాధపడకండి. నా మొదటి కాగితం మీద ఒక్క పూటలో నలభై ఒకటి పడ్డాయి. ఎన్ని ఉన్నాయన్నది పక్కన పెట్టి, ఎక్కడ గుంపుగా పడ్డాయో చూడండి.

నేను ఇంటి దగ్గర కూర్చుని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. ఎక్కువగా యంత్రాల మాన్యువల్స్, ఆరోగ్యం మీద కరపత్రాలు. సులువైన పేజీల దగ్గర నా కాగితం మీద ఒక్క గీత కూడా లేదు. వాక్యం లొంగని చోట, సరైన మాట తట్టని చోట మాత్రం వరసగా ఉన్నాయి. మాట వెతుకుదామని కొత్త ట్యాబ్ తెరిచేదాన్ని. వేలు దానంతట అదే ఏదో వీడియోల సైటు పేరులో మొదటి అక్షరం కొట్టేది, మిగతా పేరు బ్రౌజరే పూర్తి చేసేది. ఇరవై నిమిషాల తర్వాత చూసుకుంటే, ఏ మాట కోసం వచ్చానో కూడా గుర్తుండేది కాదు.

మీ కాగితం కూడా బహుశా ఇదే చెబుతుంది. పని కష్టమనిపించిన ఆ కొద్ది క్షణాల్లోనే మనసు పక్కకు పోతుంది. ఆ క్షణంలో గట్టిగా నిలబడమని మనకు మనం చెప్పుకుంటే సరిపోదు, అప్పటికే చెయ్యి కదిలిపోయి ఉంటుంది. నిర్ణయాలన్నీ అంతకు ముందే, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే తీసుకుని పెట్టుకోవాలి. ఈ పాఠంలో చెప్పేవన్నీ అలాంటి ముందస్తు ఏర్పాట్లే.

ఒక గడియ

ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి 1980ల చివర్లో చదువు మీద మనసు నిలవక ఇబ్బంది పడ్డాడు. వంటింట్లో వాడే, టమాటా ఆకారంలో ఉన్న టైమర్ ఒకటి తీసుకుని, అది మోగేదాకా చదువుతానని తనతో తాను పందెం కాసుకున్నాడు. టమాటాను ఇటాలియన్‌లో పొమొడోరో అంటారు. అతని పద్ధతికి ఆ పేరే స్థిరపడింది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఇలా నాలుగు అయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం. పద్ధతి మొత్తం ఇంతే.

ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు మన గడియ గుర్తొచ్చింది. రోజుకు 60 గడియలు, గడియకు 24 నిమిషాలు. నీళ్ళ మీద చిల్లు గిన్నె వదిలి, అది నిండి మునిగితే ఒక గడియ గడిచిందని లెక్కపెట్టేవారు. టమాటా లెక్కకూ దీనికీ ఒక్క నిమిషమే తేడా. అందుకే ఈ పాఠాలకు గడియ పని అని పేరు పెట్టుకున్నాను. గడియ పని అంటే నా మనసులో ఆ గిన్నె కదులుతుంది. నిండుతున్నంత సేపూ దాన్ని ముట్టుకోకూడదు.

25 నిమిషాలు ఎక్కువనిపిస్తే 15తో మొదలుపెట్టండి, తప్పేమీ లేదు. ఏ అంకె పెట్టుకున్నా వారం దాకా మార్చకండి.

టైమర్ దేనిలో పెట్టుకోవాలి? ఫోన్‌లో మాత్రం వద్దు. టైమ్ చూద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంటే పైన నాలుగు మెసేజీలు కనిపిస్తాయి. వంటింటి టైమర్ ఉంటే అన్నిటికన్నా మేలు. విండోస్ 11 వాడేవాళ్ళకు క్లాక్ యాప్‌లో ఫోకస్ సెషన్స్ అని ఉంది. అది మొదలుపెడితే నోటిఫికేషన్లు కూడా ఆగుతాయి.

తిప్పే ముందు రాసే ఒక్క వాక్యం

ఈ పాఠం నుంచి ఒక్కటే పట్టుకెళ్తానంటే ఇది పట్టుకెళ్ళండి. టైమర్ ముట్టుకోకముందు, ఈ గడియలో ఏం చేయబోతున్నారో కాగితం మీద పెన్నుతో ఒక వాక్యం రాయండి.

"అనువాదం చేయాలి" అని రాస్తే పనికిరాదు. అది ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో అందులో లేదు. "12వ పేజీ రెండో పేరా నుంచి 13వ పేజీ చివరిదాకా చిత్తు ప్రతి" అని రాస్తే చేతికి ఎక్కడికి వెళ్ళాలో తెలుస్తుంది. మా చెల్లెలు ఇంటి నుంచే చిన్న దుకాణాల వాళ్ళకు జీఎస్టీ రిటర్నులు వేస్తుంది. నెలలో 20వ తేదీ దగ్గర పడుతుంటే దానికి ఒకటే టెన్షన్. మొదట్లో "రిటర్నులు" అని ఒక్క మాట రాసి కూర్చునేది. పది దుకాణాల ఫైళ్ళు తెరిచిపెట్టి, ఏదీ పూర్తిచేయకుండా అన్నిటిలో వేలు పెట్టేది. ఇప్పుడు "బట్టల షాపు కొనుగోలు బిల్లులు, జులై, సరిచూడడం" అని రాసుకుంటోంది. "అక్కా, రాశాక మిగతా తొమ్మిది ఫైళ్ళు మూసేయడానికి ధైర్యం వస్తోందే" అంది మొన్న. ఆ ధైర్యమే మనకు కావాలి.

వాక్యం కింద గీత కొట్టి, కాగితంలో మిగిలిన చోటికి "తర్వాత" అని పేరు పెట్టండి. పని మధ్యలో కరెంటు బిల్లు గుర్తొస్తుంది, ఎవరికో జవాబివ్వాలని గుర్తొస్తుంది. రెండు ముక్కల్లో అక్కడ రాసేసి వెనక్కి వచ్చేయండి. రాయకుండా మనసులో పెట్టుకుంటే అది పొడుస్తూనే ఉంటుంది, చేయడానికి లేస్తే గడియ పోతుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక విషయం చూపించారు. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి మారితే, మన ధ్యాసలో కొంత మొదటి పనికే అంటుకుని ఉండిపోతుందట. బిల్లు కట్టడానికి పట్టేది రెండు నిమిషాలే కావచ్చు. తిరిగొచ్చాక వాక్యం మళ్ళీ చేతికి చిక్కడానికి ఇంకెంతో పడుతుంది.

దొరకని మాట సంగతి కూడా ఇలాగే. ఇప్పుడు నేను మాట తట్టకపోతే అక్కడ రెండు ప్రశ్నార్థకాలు పెట్టి ముందుకు వెళ్ళిపోతాను. మూడు గడియలు పని చేశాక, నాలుగో గడియ మాటలు వెతకడానికే. అప్పుడు ఆంధ్రభారతి సైటులోని నిఘంటువులు తెరిచి, ప్రశ్నార్థకాలు పెట్టిన చోట్లన్నిటికీ వరసగా మాటలు చూస్తాను. విడివిడిగా ఇరవై సార్లు బ్రౌజర్‌లోకి వెళ్ళే బదులు ఒకేసారి వెళ్తున్నాను. మీరు కోడ్ రాసేవాళ్ళయినా, గ్రూప్స్ పరీక్షకు నోట్సు తయారు చేసుకునేవాళ్ళయినా ఇది పనికొస్తుంది.

మోగాక

మోగితే ఆపాలి. వాక్యం మధ్యలో ఉన్నా సరే, ఆ వాక్యం ముగించి లేవండి. బాగా సాగుతున్నప్పుడు ఆపడం దేనికని చాలామంది అడుగుతారు. మొదటి రెండు వారాలు నా మాట విని ఆపండి. మోగినా ఆపకపోతే, కొన్నాళ్ళకు ఆ మోతకు విలువ లేకుండా పోతుంది. మధ్యలో ఇంకో పనిలో పడకపోతే, సగంలో ఉన్న పని దగ్గరికి తిరిగి రావడం ఎంత తేలికో కూడా మీకు అప్పుడే తెలుస్తుంది.

ఐదు నిమిషాల విరామంలో కుర్చీలోంచి లేవండి. మంచినీళ్ళు తాగండి, కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టును చూడండి, ఆరేసిన బట్టలు తీయండి. ఫోన్ ముట్టుకోవద్దు. ఇది నేను అన్నిటికన్నా ఆలస్యంగా నేర్చుకున్నాను. విరామంలో ఫోన్ తీసినంత కాలం నా రెండో గడియ ఎప్పుడూ మొదటిదాని కంటే బలహీనంగా ఉండేది.

ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పి ఉంచండి. నా టైమర్ బల్ల మీద అందరికీ కనిపించే చోట ఉంటుంది. అమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఇంకా ఎంతసేపు?" అని ముల్లు చూసి వెళ్తుంది. ఎవరైనా పని మీద ఫోన్ చేస్తే, "పావుగంటలో నేనే చేస్తానండీ" అంటాను. చేస్తానన్న మాట "తర్వాత" కింద రాసి, తప్పకుండా చేస్తాను. మాట నిలబెట్టుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. నిజంగా అత్యవసరమైతే గడియను వదిలేసి వెళ్ళండి, తర్వాత కొత్తది మొదలుపెట్టండి.

బ్రౌజర్‌కు తలుపులు

ఇప్పటిదాకా చెప్పినవి కాగితంతో అయ్యేవి. బ్రౌజర్‌లో కూడా మూడు తలుపులు పెట్టాలి. ఇవి ఈరోజు సాయంత్రం, పని ఏమీ లేనప్పుడు చేయండి.

మొదటిది, పనికి వేరే ప్రొఫైల్, అంటే అదే బ్రౌజర్‌లో పనికోసం విడిగా ఒక ఖాతా. క్రోమ్‌లో కుడివైపు పైన ఉన్న గుండ్రటి బొమ్మ నొక్కితే కొత్త ప్రొఫైల్ తయారు చేసుకోవచ్చు. దానికి వేరే రంగు పెట్టండి. అందులో పని మెయిల్, పనికి కావాల్సిన సైట్లు తప్ప ఎక్కడా లాగిన్ కావద్దు. దీని అసలు లాభం నాకు వాడాకే తెలిసింది. కొత్త ప్రొఫైల్‌కు పాత చరిత్ర ఏమీ తెలియదు. మీ వేలు అలవాటుగా ఒక అక్షరం కొట్టినా మిగతా పేరు దానంతట రాదు. ఆ ఒక్క క్షణం ఆలస్యం చాలు, ఏం చేస్తున్నామో మనకు కనిపిస్తుంది.

రెండోది, నోటిఫికేషన్లు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. ఏ సైటూ పంపకుండా ఆపేయండి. వాట్సాప్ వెబ్ ట్యాబ్‌ను గడియ మొదలయ్యే ముందు మూసేయండి. ట్యాబ్ తెరిచి ఉంటే, రాని మెసేజీల కోసం కూడా కన్ను దాని పేరు పక్కన అంకె వైపే పోతుంది.

మూడోది, అడ్డుగోడ. లీచ్‌బ్లాక్ ఎన్‌జీ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్ మూడింటిలో పనిచేస్తుంది. ఎక్స్‌టెన్షన్లు ఏ ప్రొఫైల్‌కు ఆ ప్రొఫైలే కాబట్టి, పని ప్రొఫైల్‌లోకి వెళ్ళి అక్కడ ఎక్కించుకోండి. దాని ఆప్షన్స్ తెరిస్తే మొదటి బ్లాక్ సెట్, అంటే ఆపాల్సిన సైట్ల జాబితా, కనిపిస్తుంది. మీ గీతల కాగితం చూసి, ఎక్కువసార్లు లాగిన మూడు సైట్లు మాత్రమే, వరసకు ఒకటి చొప్పున రాయండి. ముప్పై సైట్లు రాస్తే రెండో రోజే విసుగొచ్చి మొత్తం తీసేస్తారు. ఎప్పుడు ఆపాలో చెప్పే చోట 0900-1300 అని రాస్తే ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా గోడ ఉంటుంది. మధ్యలో చుక్కలు, ఖాళీలు వద్దు. ఆపిన సైటులోనే ఒక పేజీ పనికి అవసరమైతే, దాని చిరునామా ముందు ప్లస్ గుర్తు పెట్టి జాబితాలో చేర్చండి. ఆ ఒక్క పేజీకి దారి ఉంటుంది.

పూర్తిగా ఆపడం కష్టమనిపిస్తే ఇదే ఎక్స్‌టెన్షన్‌లో ఇంకో మార్గం ఉంది. సైటు తెరుచుకోవడానికి ముందు కాసేపు వేచి ఉండే పేజీ వస్తుంది. కొత్తవాళ్ళకు నేను దీన్నే ముందు చెబుతాను. ఒక నిమిషం ఖాళీ తెర ముందు కూర్చుంటే, నిజంగా కావాలా అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. చాలాసార్లు నేను మధ్యలోనే ట్యాబ్ మూసేసి వెనక్కి వచ్చాను. క్రోమ్‌లో స్టేఫోకస్డ్ అని ఇంకొకటి ఉంది. అది మీరు ఎంచుకున్న సైట్లకు రోజుకు ఇన్ని నిమిషాలని హద్దు పెడుతుంది. రెండింటిలో ఏదో ఒకటి చాలు.

ఈ వారం అభ్యాసం

రోజుకు నాలుగు గడియలు, అంతకు మించి వద్దు. ఒక్కో గడియకు కాగితం మీద పైన వాక్యం, కింద "తర్వాత". గీతలు గీయడం కూడా కొనసాగించండి. గడియ ముగిశాక, రాసుకున్న పని అయిందా, సగమైందా, మొదలే కాలేదా అన్నది వాక్యం పక్కన ఒక్క మాటలో రాయండి. కాగితాలు పారేయకండి.

వచ్చే పాఠంలో ఆ ఒక్క మాటలే మన పాఠ్యపుస్తకం. ఒక గడియలో మీరు అనుకున్న పని ఎంత, అయ్యేది ఎంత, ఆ తేడాను బట్టి రేపటి రోజును ఎలా పంచుకోవాలన్నది వాటితోనే లెక్కకడదాం. అందుకు కనీసం ఇరవై గడియల కాగితాలు కావాలి.