వర్చువల్ మెషీన్‌లో గడియారం వెనకబడకుండా చూసుకోవడం

నిలిపి ఉంచిన వర్చువల్ మెషీన్‌ను (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్‌ను) తిరిగి నడిపించినప్పుడు, దాని గడియారం సాధారణంగా ఆగిన చోటి నుంచే లెక్క మొదలుపెడుతుంది. ఈలోగా బయట ఎంత కాలం గడిచిందో దానికి తెలియదు. కెర్బెరాస్ అనే లాగిన్ తనిఖీ పద్ధతి మామూలుగా సర్వర్ గడియారంతో 5 నిమిషాల తేడా దాటితే లాగిన్‌ను నిరాకరిస్తుంది కాబట్టి, పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి వెళ్లలేని పరిస్థితి వస్తుంది. లినక్స్‌లోని వర్చువల్ మెషీన్ వ్యవస్థ అయిన కేవీఎం మీద నడిచే లినక్స్ గెస్ట్‌లో (అంటే వర్చువల్ మెషీన్‌లో), గడియారాన్ని దిద్దే క్రోనీ ప్రోగ్రామ్‌తో దీన్ని సరిచేసే పద్ధతి ఇది.

ముందుగా హోస్ట్ (గెస్ట్‌ను నడిపే అసలు కంప్యూటర్) గడియారాన్ని ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం కలుపుకునే పద్ధతితో) సరిచేయాలి, ఎందుకంటే గెస్ట్ దానినే చూసి నడుస్తుంది. మన దేశంలోని సంస్థలు ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సర్వర్లతో, లేక వాటికి అనుసంధానమైన సర్వర్లతో సమయం కలుపుకోవాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది.

గెస్ట్‌లో సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ (సమయం కలిపే మరో సర్వీసు) నడుస్తుంటే దాన్ని ఆపివేయండి. ఒకే గడియారాన్ని రెండు సర్వీసులు దిద్దకూడదు. తరువాత పీటీపీ కేవీఎం అనే కెర్నెల్ మాడ్యూల్‌ను లోడ్ చేస్తే, డెవ్ డైరెక్టరీలో సాధారణంగా పీటీపీ సున్నా అనే పరికరం కనిపిస్తుంది. నెట్‌వర్క్ ఆలస్యంతో పని లేకుండా హోస్ట్ సమయాన్ని నేరుగా చదివే మార్గం అదే. క్రోనీ కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ పరికరాన్ని పీహెచ్‌సీ (పీటీపీ హార్డ్‌వేర్ గడియారం) రకం రెఫ్‌క్లాక్‌గా, అంటే ఆధార గడియారంగా, పోల్ 2తో, అంటే 4 సెకన్లకు ఒకసారి చూసేలా చేర్చండి.

అసలు కిటుకు అదే ఫైల్‌లోని మేక్‌స్టెప్ వరుసలో ఉంది. చాలా డిస్ట్రిబ్యూషన్లలో అది 1, 3 అని ఉంటుంది. అంటే తేడా ఒక సెకను దాటితే, మొదటి మూడు సవరణల్లో మాత్రమే గడియారాన్ని ఒక్కసారిగా జరుపుతుంది, ఆపై నెమ్మదిగా దిద్దుతుంది. ఆ దిద్దుబాటు వేగం డిఫాల్ట్‌గా సెకనుకు ఒక సెకనులో పన్నెండో వంతుకు మించదు కాబట్టి, 40 నిమిషాలు నిలిపిన మెషీన్ దారికి రావడానికి కనీసం 8 గంటలు పడుతుంది. రెండో అంకెను మైనస్ 1గా మార్చండి, అప్పుడు ఎన్ని సవరణల తర్వాతైనా ఒక్కసారిగా జరుపుతుంది. నిలిచిన మెషీన్ వెనకబడుతుందే తప్ప ముందుకు పోదు గనుక, జరుపుడు ముందుకే ఉంటుంది. డేటాబేస్‌లో ఒకే సమయం రెండుసార్లు నమోదయ్యే భయం ఇక్కడ లేదు.

క్రోనీని రీస్టార్ట్ చేసి, హోస్ట్‌లో విర్ష్ సస్పెండ్ ఆదేశంతో మెషీన్‌ను రెండు నిమిషాలు ఆపి, విర్ష్ రెజ్యూమ్‌తో నడిపించండి. వెంటనే గెస్ట్‌లో క్రోనీసీ ట్రాకింగ్ ఆదేశం ఇస్తే సిస్టమ్ టైమ్ వరుసలో దాదాపు 120 సెకన్లు స్లో అని కనిపించవచ్చు. కొద్దిసేపటికి అది సెకనులో అతి చిన్న భాగానికి తగ్గాలి. తగ్గకపోతే క్రోనీసీ సోర్సెస్ ఆదేశం చూపే జాబితాలో పీహెచ్‌సీ సున్నా (మనం చేర్చిన పరికరం) పక్కన నక్షత్రం గుర్తు ఉందో లేదో చూడండి: లేదంటే క్రోనీ ఆ పరికరాన్ని ఇంకా ఎంచుకోలేదని అర్థం.