పెట్టలు ఇంకా గుడ్డు పెట్టట్లేదా, ముందు ఇవి చూడండి

ముందు వయసు చూస్కోండి. లేయర్ రకాలు (గుడ్ల కోసమే పెంచే కోళ్లు) 5 నెలలకే మొదలెడతాయి గానీ మన నాటు పెట్టకి 6, 7 నెలలు పట్టుద్ది, కంగారొద్దండి. తురాయి ఎర్రబడి, వీపు మీద చెయ్యేస్తే కిందకి నక్కి కూర్చుంటుంటే దగ్గరపడ్డట్టే.

వయసొచ్చినా పెట్టకపోతే నేనైతే మేతనే అనుమానిస్తా. ఉత్త నూకలు, మిగిలిన అన్నం వేస్తే ప్రోటీన్ ఎక్కడ్నించి వచ్చిద్ది, 16 శాతం ప్రోటీన్ ఉండే లేయర్ మేత పెట్టండి, గుడ్లు మొదలయ్యాక ఆల్చిప్పల పొడి విడిగా గిన్నెలో ఉంచండి. మే నెలలో బెజవాడ ఎండలకి పాపం అవి మేతే సరిగ్గా ముట్టవు, నీడా చల్లటి నీళ్లూ తప్పనిసరి. చలికాలంలో పగలు తగ్గుద్ది కాబట్టి బల్బేసి వెలుతురు మొత్తం 14 గంటలయ్యేలా చూడండి. నట్టల మందు (కడుపులో పురుగులకేసేది) పశువుల డాక్టర్నడిగి వేయించండి.

అన్నట్టు మేడమెట్ల కింద, కట్టెల వెనకాల కూడా వెతకండి, అక్కడ దాచి పెడుతుండొచ్చు.