పుట్టింటికెళ్లి పడవెక్కాలంటే ముందు పోటు లెక్క చూసుకోండి

నేను పుట్టి పెరిగింది కాకినాడలోనే, కానీ కోరంగి మడ అడవుల్లో పడవెక్కింది మాత్రం పెళ్లై చెన్నైలో కాపురం పెట్టాక, అదీ రెండో ప్రయత్నంలో. సొంతూరే కదా ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకుంటే ఇలాగే ఉంటుంది.

మొదటిసారి ఏమైందంటే, "అల్లుడుగారొచ్చారు, పెసరట్టు ఉప్మా తినకుండా కదలనిస్తానేంటి" అని మా పిన్ని కూర్చోబెట్టేసింది. అది తిని, కాఫీ తాగి, అల్లుణ్ణి చూడ్డానికి పక్కింటివాళ్లొస్తే వాళ్లతో కబుర్లు చెప్పి, మేం రేవుకి చేరేసరికి పదకొండు దాటింది. పడవలన్నీ బురదలో ఓ పక్కకి ఒరిగి కూర్చున్నాయి. "నీళ్లు లాగేశాయండి, మళ్లీ పోటొచ్చేదాకా కదలదండి" అన్నాడు పడవతను తాపీగా తాడు చుట్టుకుంటూ. మావారిది కడప. "అన్ని నీళ్లు యాడికి పోయినాయి?" అని నన్నడిగారు, నేనేదో దాచేసినట్టు.

అందుకని రైలు టికెట్ కంటే ముందు పోటు టైం చూడండి. నీళ్లు ఎక్కితే పోటు, దిగితే పాటు; రోజుకి సాధారణంగా రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. ఈ టైం రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, అంటే ఇవాళ పొద్దున ఏడింటికి పోటు ఉంటే ఎల్లుండికి ఎనిమిదిన్నర దాటిపోతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు బాగా ఎక్కుతాయి, దిగడం కూడా అలాగే దిగిపోతాయి. అష్టమి, నవమి ప్రాంతాల్లో తేడా తక్కువ. ఫోన్లో కాకినాడ టైడ్ టేబుల్ అని కొడితే టైములు వస్తాయి, అయినా ముందు రోజు సాయంత్రం రేవులో ఒకసారి అడిగి పెట్టుకోండి, ఎందుకంటే సముద్రం దగ్గర టైముకీ లోపల పాయలో టైముకీ కొంత తేడా ఉంటుంది. పోటుకి గంట ముందు మీరు అక్కడ ఉండాలి. చుట్టాలిళ్లలో భోజనాలన్నీ పాటు టైముకి పెట్టుకోండి, ఎలాగూ అప్పుడు పడవ కదలదు.

ఇద్దరే వెళ్లాలనుకుంటే ఇంట్లో పడవ మాట ఎత్తకండి. ఎత్తితే పిల్లలు, పెద్దలు, పులిహోర డబ్బా, మొత్తం తొమ్మిది మంది ఆటోల్లో బయల్దేరతారు. కోరంగిలో చిన్న పని ఉంది, పదింటికల్లా వచ్చేస్తాం అని చెప్పండి. అబద్ధమేం కాదు.

చెన్నై నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా పడుకుని పొద్దున కాకినాడ టౌన్‌లో దిగొచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, సంక్రాంతికైతే ఆ పొద్దున్నే కూర్చోవాలి. ఊళ్లోంచి కోరంగి యానాం రోడ్డులో ఇరవై కిలోమీటర్ల లోపే. దారిలోనే చొల్లంగి వస్తుంది కాబట్టి పుష్య అమావాస్య రోజు మాత్రం పెట్టుకోకండి, చొల్లంగి స్నానాలకొచ్చే జనంతో రోడ్డు నిండిపోతుంది.

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో టికెట్లు ఖాళీగా ఉన్నాయని సంబరపడకండి, అది తుఫాన్ల కాలం; ఒకప్పుడు పెద్ద ఓడరేవుగా బతికిన కోరంగిని 1839 నవంబరు తుఫానే ముంచేసింది. ఇక్కణ్ణుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల వల్లే బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అనేవారని చెబితే మావారు నమ్మలేదు, నెట్‌లో వెతికి చూసుకున్నాక ఒప్పుకున్నారు.

మీ ఆయనో మీ ఆవిడో నీళ్లంటే భయపడే రకమైతే ముందు చెన్నైలోనే ముట్టుకాడులో ఒకసారి ఎక్కించి చూడండి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద టూరిజం వాళ్ల బోట్ హౌస్ ఉంది. అలల సంగతి అక్కడ తెలియదు గానీ, పడవ ఊగితే మనిషి లేచి నిలబడతాడా, కూర్చుంటాడా అన్నది తెలిసిపోతుంది. లేచి నిలబడే మనిషైతే కోరంగిలో మధ్య పలక మీద కూర్చోబెట్టి పక్కనే మీరు కూర్చోండి.

లైఫ్ జాకెట్ భుజాన వేసుకుని ఫొటో దిగి తీసేయడం కాదు. బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా వస్తే అది వదులు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం గుర్తున్నవాళ్లెవరూ దీనికి నవ్వరు. పడవలో జనం ఎక్కువనిపిస్తే దిగిపోండి, మొహమాటం వద్దు, తర్వాతి పడవలో వెళ్లొచ్చు.

పాయలోపల తిరిగితే అలలుండవు. హోప్ ఐలాండ్ దాకా వెళ్లాలంటే మాత్రం బయటి నీళ్లు దాటాలి, ఊగుతుంది. అదీ కోరంగి అభయారణ్యంలో భాగమే, అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. వాంతుల మాత్ర ఎక్కడానికి కనీసం అరగంట ముందు వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం లేదు. ఫోన్ చూడకుండా దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే చోట చూస్తూ కూర్చుంటే సగం తగ్గుతుంది.

రెండోసారి మేం ఆరున్నరకే రేవులో ఉన్నాం. పాయ ఇరుకైనచోట పడవతను మోటారు ఆపేసి గెడ అందుకున్నాడు, ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం, గెడ బురదలో దిగి పైకొచ్చే చప్పుడు తప్ప. ఒడ్డు బురదలోంచి మడచెట్ల ఊపిరి వేళ్లు పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి నిలబడి ఉన్నాయి, వాటి మధ్య వేలెడంత బురద చేప ఒకటి రెక్కల మీద పాకుతూ వచ్చి మమ్మల్ని చూసి ఆగిపోయింది. "చేప నడుస్తాండాది చూడు" అని మావారు గుసగుసగా అన్నారు. అంతసేపు ఆయన ఫోన్ తీయకపోవడం నేను చూడటం అదే మొదలు. చేతికందే కొమ్మలు పట్టుకోకండి, అందులో తిల్ల చెట్టు ఉండొచ్చు, దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

బట్టలు పాతవి వేసుకోండి, చెప్పులు చేత్తో పట్టుకోగలిగేవి. ఆ రోజు మా పిన్ని పెట్టిన కొత్త తెల్ల ప్యాంటు వేసుకొచ్చారు మావారు. ఆ బురద మరక ఇంకా పోలేదు. పదింటికి ఇంటికెళ్లగానే మా పిన్ని చూసింది మొదట ఆ ప్యాంటునే, "కోరంగిలో పనన్నారు, నారు పోశారేంటి అల్లుడుగారూ?"