టోక్యోలో సెలవు రోజు: ఒంటరి భోజనం, ఊహల షికారు, ఇద్దరి విందు

ఉద్యోగం కోసమో చదువు కోసమో టోక్యో చేరిన తెలుగువాళ్లలో చాలామంది మొదటి ఏడాది సెలవు రోజులన్నిటినీ బట్టలు ఉతుక్కోవడానికీ, వారానికి సరిపడా పప్పూ కూరా వండి డబ్బాల్లో సర్దుకోవడానికీ, ఇంటికి వీడియో కాల్ చేసి "ఇంకేంటి సంగతులు" అని పదిసార్లు అనుకోవడానికీ సరిపెడతారు. బయటికి వెళ్లాలంటే పక్కన మనిషి ఉండాలన్న అలవాటు మనది. హోటల్లో ఒక్కడే కూర్చుని తింటున్నవాణ్ణి చూస్తే మనవాళ్లకు జాలి కలుగుతుంది. టోక్యోలో ఆ జాలి పడేవాళ్లెవరూ ఉండరు, ఎందుకంటే ఇక్కడి వీధి హోటళ్లు, కాఫీ దుకాణాలు, చివరికి కారావొకే గదులు కూడా ఒక్క మనిషి వస్తాడన్న లెక్కతోనే నడుస్తాయి. కాబట్టి తోడు దొరికాక చూద్దామని వాయిదా వేయకుండా ముందు ఒంటరిగా తిరగడం అలవాటు చేసుకోవాలనీ, మనసులోని ప్రేమ ఊహలకు తగిన చోట్లు ఆ తిరుగుడులోనే దొరుకుతాయనీ నా అభిప్రాయం. ఈ సూచనలు ఆ వరుసలోనే ఉంటాయి.

ఒక్కరే వెళ్లి తినడం

రామెన్ నూడుల్స్ దుకాణాల్లోనూ, మత్సుయా వంటి చవక హోటళ్లలోనూ తలుపు పక్కనే ఒక టికెట్ యంత్రం ఉంటుంది. దాన్ని షొక్కెన్ యంత్రం అంటారు. ముందుగా డబ్బు వేస్తే, ఆ డబ్బుకు అందుబాటులో ఉన్న వంటకాల బొత్తాలన్నీ వెలుగుతాయి. జపనీస్ చదవడం రానివారు ఎడమవైపు పై మూలన ఉన్న బొత్తాన్ని నొక్కడం మంచిది, ఎందుకంటే ఆ దుకాణం తనదని గర్వంగా చెప్పుకునే వంటకాన్ని సాధారణంగా అక్కడే పెడతారు. అయితే మాంసం విషయంలో పట్టింపు ఉన్నవారు ఈ చిట్కా జోలికి వెళ్లకపోవడమే క్షేమం. టికెట్ చేతికి వచ్చాక చిల్లర కోసం మీట తిప్పాల్సిన పాత యంత్రాలు ఇంకా కనిపిస్తాయి, కాబట్టి టికెట్ తీసుకుని అలాగే వెళ్లిపోకుండా కింది గూటిలో ఒకసారి చూసుకోండి. కొన్ని యంత్రాలు నోట్లలో 1000 యెన్లది తప్ప మరేదీ తీసుకోవు. 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చాక వాటిని మింగడానికి మొరాయించే యంత్రాలు కూడా ఉన్నాయి గనుక జేబులో నాణేలు ఉంచుకోవాలి. తర్వాత కౌంటరు దగ్గర ఖాళీ ఉన్న కుర్చీలో కూర్చుని టికెట్‌ను ఎదురుగా పెడితే చాలు, అక్కడితో మీ సంభాషణ ముగిసినట్టే. మొహమాటస్తులకు ఇంతకంటే అనువైన హోటల్ ప్రపంచంలో ఉండదేమో.

బల్లల దగ్గర వడ్డించే హోటళ్లలో తలుపు తీయగానే ఎంతమంది అని అడుగుతారు. ఒక వేలు చూపించి "హితోరి దెసు" అంటే సరిపోతుంది. కూర్చోగానే వచ్చే మంచినీళ్లకూ, చేతులు తుడుచుకునే తడి తువ్వాలుకూ ఎక్కువ చోట్ల డబ్బు తీసుకోరు. సర్వర్ మీ వైపు చూసే దాకా ఓపిగ్గా కూర్చుంటే కడుపు మాడిపోతుంది. బల్ల మీద గంట బొత్తాం ఉంటే నొక్కాలి, లేకపోతే "సుమిమాసెన్" అని వినపడేలా పిలవాలి, అది అమర్యాద కాదు. తిన్నాక బిల్లు కాగితం పట్టుకుని తలుపు దగ్గరి కౌంటరుకు వెళ్లి, డబ్బును చేతికి ఇవ్వకుండా అక్కడున్న చిన్న పళ్లెంలో పెట్టాలి. టిప్పు ఇచ్చే ఆచారం లేదు. బల్ల మీద వదిలేసి వస్తే మరిచిపోయారనుకుని వీధిలోకి పరుగెత్తుకొచ్చి తిరిగి ఇస్తారు. చాప్‌స్టిక్‌లను అన్నంలో నిలువుగా గుచ్చడం, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముక్క అందించడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, ఎందుకంటే ఆ రెండూ చావు కర్మలకు సంబంధించినవి.

ఏం అడగాలి, ఎక్కడ తినాలి

శాకాహారులకు ఇక్కడి ఇబ్బంది మాంసంతో కాదు, దాషితో. సముద్రపు నాచు, ఎండబెట్టి తురిమిన కత్సువో చేప వేసి కాచిన ఆ రసం సోయా ముద్దతో చేసే మిసో సూపులోనూ, సోబా నూడుల్స్ పులుసులోనూ, చూడటానికి ఉత్త కూరగాయలే అనిపించే కూరల్లోనూ ఉంటుంది. చల్లని టోఫూ మీద కూడా ఆ చేప తురుము చల్లి ఇస్తారు. దుకాణాల్లో దొరికే జపనీస్ కర్రీ ముద్దల్లో గొడ్డు కొవ్వు ఉండటం మామూలే. అందువల్ల "నేను శాకాహారిని" అని చెప్పడం కన్నా మాంసం, చేప, దాషి, గుడ్డు అని విడివిడిగా జపనీస్‌లో రాయించిన చిన్న చీటీని ఫోన్‌లో దాచుకుని చూపించడం ఎంతో మేలు. టోక్యో స్టేషన్‌లో కెయ్‌యో లైను వైపు ఉన్న టీస్ తన్‌తన్ దుకాణంలో మాంసం, పాలు, గుడ్డు ఏవీ లేని రామెన్ దొరుకుతుంది. అన్నిటికీ సిద్ధపడినవారు మాత్రం మధ్యాహ్నం పూట తెయిషోకు భోజనం చేయడం అలవాటు చేసుకోవాలి. అన్నం, సూపు, ప్రధాన వంటకం, ఊరగాయ ఒకే పళ్లెంలో వస్తాయి, రాత్రి ధరతో పోలిస్తే చాలా తక్కువకే అవుతుంది.

ఇంటి రుచి మీద మనసు పడినప్పుడు ఎదొగావా వార్డులోని నిషి కసాయ్ వైపు వెళ్లవచ్చు. రెండు వేల సంవత్సరం నాటి కంప్యూటర్ల సమస్య సరిచేయడానికి వచ్చిన మన ఇంజనీర్లు స్థిరపడటంతో ఆ పేట భారతీయుల పేటగా పెరిగింది. ఒకాచిమాచిలో ఆంధ్రా కిచెన్ అని మన పేరుతోనే ఒక హోటల్ ఉంది. బిర్యానీ కోసమూ, దక్షిణాది మీల్స్ కోసమూ ఇలాంటి చోట్లకు పనిగట్టుకుని వచ్చే జపాన్ అభిమానులు ఉన్నారని తెలిస్తే మనవాళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది. జపాన్ స్నేహితులను పిలవాలంటే అలాంటి చోటికి పిలవండి, పప్పులో నెయ్యి ఎప్పుడు వేసుకోవాలో చెప్పే అధికారం అక్కడ మీది అవుతుంది. ఆవకాయ సీసా మాత్రం ఏ హోటల్లోనూ సంచిలోంచి తీయవద్దు, బయటి తిండిని చాలా చోట్ల ఒప్పుకోరు.

ఒక్కరే తినే భోజనంలో కాస్త కథ కూడా ఉండాలనుకుంటే షింజుకులోని నకమురయాకు వెళ్లండి. బ్రిటిషువారు వెతుకుతున్న విప్లవకారుడు రాస్ బిహారీ బోస్‌ను 1915లో జపాన్ ప్రభుత్వం దేశం విడిచి పొమ్మన్నప్పుడు, అప్పటికి రొట్టెల దుకాణంగా ఉన్న నకమురయా యజమానులు సోమా దంపతులు ఆయన్ను తమ దుకాణం వెనక దాచారు. వారి పెద్దకూతురు తోషికో 1918లో ఆయన్ను పెళ్లాడింది. గూఢచారుల కన్ను తప్పించుకుంటూ ఇళ్లు మారుతూ సాగిన ఆ కాపురం ఆమె మరణంతో 1925లో ముగిసింది. రెండేళ్ల తర్వాత, 1927లో, దుకాణంలో భోజనశాల తెరిచినప్పుడు బ్రిటిషువారు అలవాటు చేసిన పిండి కర్రీ కాకుండా అసలైన భారతీయ కూర ఎలా ఉంటుందో చూపించాలని బోస్ పట్టుబట్టి చేయించిన కోడికూర ఇప్పటికీ అక్కడి నేలమాళిగ భోజనశాలలో వడ్డిస్తున్నారు. ప్రేమ, విప్లవం కలిసిన రుచి అని జపాన్‌వాళ్లు దాన్ని మెచ్చుకుంటారు. ఎముకతో ఉన్న ముక్కలు, పలచటి పులుసు, పక్కన ఊరగాయలు వస్తాయి, గుంటూరు కారంతో పెరిగిన నాలుకకు మాత్రం అది చాలా సాధువుగా అనిపిస్తుంది. అయినా నెమ్మదిగా తినవలసిన కూర అది.

ఊహలకు చోటు

భోజనం అయ్యాక పగటికల కనడానికి కిస్సాతెన్ అనే పాతకాలపు కాఫీ దుకాణాన్ని మించిన చోటు లేదు. పుస్తకాల వీధి జింబోచోలో అలాంటివి చాలా ఉన్నాయి. మసక దీపాలు, మెత్తని కుర్చీలు, గాజు సైఫన్‌లో కాచే కాఫీ ఉంటాయి. కప్పు ధర పెద్ద కాఫీ గొలుసుల కన్నా ఎక్కువే, కానీ మీరు కొనేది కాఫీ కాదు, గంటసేపు ఎవరూ కదిలించని ఒక మూల. అక్కడ ఒక పాత పుస్తకం తెరిచి పెట్టుకుని, ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చుంటే బాగుంటుందో ఊహించుకోండి. టోక్యోలో గది అద్దెకు తీసుకుంటే చాలా చోట్ల ఇంటివారికి రెయ్‌కిన్ అనే తిరిగి రాని కానుక డబ్బు సమర్పించుకోవాలి గానీ గాలిలో కట్టే మేడలకు అదేమీ ఉండదు.

నడుస్తూ ఊహించుకోవాలనుకుంటే కిచిజోజిలోని ఇనొకషిరా పార్కు నా మొదటి ఎంపిక. 1917లో ప్రజలకు తెరిచిన ఆ పార్కులో పొడవైన చెరువు, హంస ఆకారపు పడవలు, చెరువులో బెన్‌జాయితెన్ గుడి ఉన్నాయి. ఆ బెన్‌జాయితెన్ మరెవరో కాదు, మన సరస్వతీదేవే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా ఇక్కడికి వచ్చి, వీణకు బదులు బివా వాయిద్యం పట్టుకుని, నది మూలాన్ని మరిచిపోకుండా ఎక్కువగా నీళ్ల మధ్యనే కొలువై ఉంటుంది. ఆ చెరువులో పడవ ఎక్కిన జంటలు అమ్మవారి అసూయ వల్ల విడిపోతాయని టోక్యోలో అందరికీ తెలిసిన నమ్మకం ఒకటి ఉంది. బాసరలో అక్షరాభ్యాసం చేయించుకున్న మనకు ఆ తల్లి మీద ఇంత నింద వినడం వింతగా ఉంటుంది. ఏమైనా ఒంటరిగా వెళ్లినవారికి ఆ భయమే లేదు, హాయిగా పడవ ఎక్కవచ్చు. వసంతంలో చెరువు మీదికి వంగిన చెర్రీ కొమ్మల కిందికి పడవను నడిపితే పూరేకులు ఒడిలో పడతాయి. ఆ కాలంలో పడవ కోసం వరుస చాలా పొడవుగా ఉంటుంది కాబట్టి ఉదయమే చేరుకోవాలి.

మొక్కుకునే మనసు ఉన్నవారికి ఈదాబషి స్టేషన్ దగ్గర టోక్యో దాయ్‌జింగూ గుడి ఉంది. 1900లో జరిగిన యువరాజు పెళ్లి తరహాలో సామాన్యులకు కూడా దేవుడి ఎదుట పెళ్లి జరిపే పద్ధతికి అదే ఆరంభం. ఇప్పుడు మంచి సంబంధం కుదరాలని కోరుకునే యువతులు ఎక్కువగా వస్తారు, ప్రేమ జాతకం చెప్పే చీటీలు అమ్ముతారు. జూలై 7న తనబాత పండుగ వస్తుంది. ఆకాశగంగకు చెరో ఒడ్డున విడిపోయిన నేతకన్యా పశువుల కాపరీ ఏడాదికి ఒక్కరాత్రి కలుసుకుంటారన్న కథకు గుర్తుగా రంగు కాగితాల మీద కోరికలు రాసి వెదురు కొమ్మకు కడతారు. ఆ ప్రేయసీప్రియులు మన పంచాంగంలోని అభిజిత్, శ్రవణ నక్షత్రాలే. టోక్యోలో ఆ రోజులు వానాకాలంలో పడతాయి గనుక నక్షత్రాలు కనబడాలంటే ఆగస్టు 6 నుంచి 8 దాకా పండుగ జరిపే సెందాయ్‌కి వెళ్లడం తెలివైన పని. కోరిక తెలుగులో రాసినా ఎవరూ అభ్యంతరం చెప్పరు, పైగా పక్కవాళ్లు చదవలేరు.

ఊహ ఊహగానే ఉండవలసిన చోటు ఒకటి ఉంది, అది రైలు. రోజూ ఒకే పెట్టెలో ఎదురుపడే మనిషి గురించి మనసులో ఎన్ని అధ్యాయాలైనా రాసుకోవచ్చు గానీ, వెంట నడవడం, చాటుగా ఫోటో తీయడం తీవ్రమైన తప్పులు. వెంటపడి వేధించడాన్ని నేరంగా చూసే చట్టం జపాన్‌లో 2000 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ అమ్మే ఫోన్లలో చాలావాటికి కెమెరా చప్పుడు ఆపడానికి వీలుండదు. మన సినిమాల్లో హీరో చేసేవన్నీ ఇక్కడ పోలీసు స్టేషన్‌కు దారి తీస్తాయి.

ఇద్దరుగా వెళ్లే రోజు

పరిచయం ఉన్న మనిషిని భోజనానికి పిలవాలంటే తేదీ, చోటు, సమయం చెప్పి ఒక్కసారి అడగండి. "ఆ రోజు కొంచెం..." అని ఎదుటివారు వాక్యాన్ని సగంలో ఆపేసి, మరో రోజు ప్రస్తావించకపోతే అది కాదనడమే. రెండోసారి అడగడం మర్యాద కాదు. ఒకే ఆఫీసులో పనిచేసేవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒప్పుకుంటే మీరు ఒంటరిగా ఇప్పటికే తిని చూసిన హోటల్‌నే ఎంచుకుని ముందుగా బల్ల రిజర్వ్ చేయించండి. అయిదు నిమిషాలు ఆలస్యమయ్యేట్టున్నా ఫోన్ చేసి చెప్పాలి. చెప్పకుండా మానేస్తే చాలా హోటళ్లు డబ్బు వసూలు చేస్తాయి.

ఇజకయా అనే తాగుతూ తినే హోటల్‌కు వెళ్తే, అడగకుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు. దాన్ని ఒతోషి అంటారు, మనిషికి కొన్ని వందల యెన్లు బిల్లులో కలుస్తాయి. అది మోసం కాదు, కూర్చున్నందుకు కట్టే రుసుం లాంటిది, కాబట్టి గొడవ పడవద్దు. ఎదుటివారి గ్లాసు ఖాళీ అవుతుంటే మీరు నింపాలి, మీది వారు నింపుతారు. బిల్లు సగం సగం పంచుకోవడం ఇక్కడ మామూలే. "నేనే ఇస్తా, నేనే ఇస్తా" అని మనవాళ్లలా కౌంటరు దగ్గర చేతులు పట్టుకుని లాగితే ఎదుటివారు బెదిరిపోతారు. ఒకరు భోజనం ఖర్చు పెట్టుకుంటే మరొకరు తర్వాతి కాఫీ ఖర్చు పెట్టుకోవడం అందంగా ఉంటుంది.

ఎన్ని విందులు అయినా, "సుకి దెసు, త్సుకియత్తె కుదసాయ్" (మీరంటే ఇష్టం, నాతో జంటగా ఉండండి) అని నోరు తెరిచి చెప్పి, అవతలివారు ఒప్పుకునే దాకా మీరు జంట కాదని గుర్తుంచుకోవాలి. మనకు కళ్లతోనే అన్నీ చెప్పుకున్నామనుకునే అలవాటు ఉంది, ఇక్కడ అది చెల్లదు. సాధారణంగా రెండు మూడు సార్లు కలిసి తిరిగాక చెబుతారు. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ఆ సంగతి కూడా దాచకుండా అప్పుడే చెప్పేయడం న్యాయం.

క్రిస్మస్ ముందురోజు రాత్రి ఇక్కడ జంటల పండుగ, మంచి హోటల్లో బల్ల కావాలంటే వారాల ముందే చూసుకోవాలి. ఫిబ్రవరి 14న ఆడవాళ్లు మగవాళ్లకు చాక్లెట్ ఇస్తారు, మార్చి 14న మగవాళ్లు బదులు ఇవ్వాలి. ఆఫీసులో మర్యాద కోసం పంచే చాక్లెట్‌ను ప్రేమ అని పొరబడితే ఆదిలోనే హంసపాదు.

వేసవిలో మాత్రం జూలై చివరి శనివారం జరిగే సుమిదా నది బాణసంచా పండుగను వదులుకోవద్దు. రాత్రి 7 నుంచి 8:30 దాకా దాదాపు 20 వేల బాణాలు పేలతాయి. అసకుసా వీధుల్లో యుకాతా అనే వేసవి కిమోనోలు అద్దెకు దొరుకుతాయి. ఆడవారైనా మగవారైనా ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి, కుడి అంచు పైకి వేయడం శవానికి కట్టే పద్ధతి. నది ఒడ్డున చోటు కోసం మధ్యాహ్నమే చేరుకోవాలి, చాపా నీళ్లూ వెంట ఉండాలి. ముగిశాక అసకుసా స్టేషన్‌లోకి జనం ఒక్కసారిగా తోసుకొస్తారు కాబట్టి రెండు కిలోమీటర్లు నడిచి ఉఎనోలో రైలు ఎక్కడం మంచిది. ఎక్కువ లైన్లలో అర్ధరాత్రి దాటిన కాసేపటికే చివరి రైలు వెళ్లిపోతుంది, రాత్రి 10 దాటితే టాక్సీ వాళ్లు 20 శాతం అదనంగా తీసుకుంటారు. యుకాతాతో వేసుకునే కొయ్య చెప్పుల పట్టీ కాలి వేళ్ల మధ్య ఒరుసుకుని పుండు చేస్తుంది, గాయానికి అంటించే పట్టీలు ఇద్దరికీ సరిపడా సంచిలో వేసుకోండి.